ఒక్క ఉతకని గుడ్డ

మంగళవారం

మామయ్య గదిలో లేడు.

మంగళవారం, సాయంత్రం

ఇంకా రాలేదు. చెయ్యి ఊరికే ఉండలేక రాస్తున్నాను.

పొద్దున పాలు ఇచ్చినప్పుడు మంచం మీదే ఉన్నాడు. వాన పడుతోందా అని అడిగాడు. పడుతోందన్నాను. "పోనీలే, విత్తనానికి అదును" అన్నాడు. ఇక్కడ మనకి చేను లేదు మామయ్యా అని చెప్పడం ఎప్పుడో మానేశాను. డ్యూటీకని కిందికి, హోటల్ లాబీలోకి వెళ్ళాను. బస్సు గుంపు ఒకటి ఒక్కసారే దిగింది. ఒకే గది ఇద్దరికి ఇచ్చారని ఒకటే రభస. మధ్యాహ్నం అన్నం పట్టుకుని పైకి వెళ్తే మంచం ఖాళీ. స్నానాలగది ఖాళీ. చెప్పులు లేవు.

హోటలంతా వెతికాం. వంటిల్లు, సామాన్ల గది, లాండ్రీ, ఐదో అంతస్తు దాకా ప్రతి గదీ. ఆరోది రిపేర్లలో ఉంది, తాళం వేసి ఉంది.

తర్వాత తాళాలరాయుడు కెమెరాలు చూశాడు. సెక్యూరిటీ పెద్దకి ఆ పేరు మామయ్యే పెట్టాడు, నడుముకి అన్ని తాళాలు వేలాడేసుకుని తిరుగుతాడని. అర్థం చెప్తే మురిసిపోయి, ఇప్పుడు తనే అందరికీ ఆ పేరు చెప్పుకుంటున్నాడు. ముందు వాకిలి కెమెరాలో, వెనకనుంచి, మా హోటల్ నీలం వానకోటు వేసుకుని ఒక ముసలాయన బయటికి వెళ్తున్నాడు. భుజాలు వంగి ఉన్నాయి. మెల్లగా నడుస్తున్నాడు.

"మామయ్యే" అన్నాడు తాళాలరాయుడు.

నేనూ మామయ్యే అన్నాను.

ఇక్కడ పనిచేసే వాళ్ళందరూ ఆయన్ని మామయ్య అనే పిలుస్తారు. నేను పిలుస్తుంటే విని అదే ఆయన పేరనుకున్నారు. తలో దేశం, తలో భాష, అందరి నోటా మామయ్యే. పోలీసు వచ్చి పేరు అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి ఠక్కున "మామయ్య" అంది. అతను రాసుకున్నాడు. నేను ఇంటిపేరుతో సహా చెప్పాను. అదీ రాసుకుని, ఇద్దరు తప్పిపోయారా అని అడిగాడు.

ఓడకి కబురు పంపించాను. రేవు చేరేదాకా మా ఆయనకి ఫోను కలవదు. గరిటె పట్టుకుని వంట చేస్తూ ఉంటాడు, ఎవరో వచ్చి మీ నాన్న కనబడటం లేదట అని చెప్తారు.

మామయ్య గది శుభ్రం అయింది. దుప్పట్లు మారాయి. తడిసి వస్తాడు కదా, వెచ్చగా పడుకోవాలి.

బుధవారం

రాలేదు.

పొద్దున పోలీసు కుక్కని తెచ్చారు. నల్లటిది, బక్కగా ఉంది. దాన్ని పట్టుకున్నతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ఆయన వేసుకుని విడిచిన గుడ్డ ఏదైనా ఇవ్వండి. ఉతకనిది" అన్నాడు.

పైకి తీసుకెళ్ళి బీరువా తీశాను. పంచెలు, చొక్కాలు, బనియన్లు, తువ్వాళ్ళు అన్నీ ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. కుక్క మూతి లోపల పెట్టి తుమ్మింది.

"విడిచిన బట్టలేవి?"

"అవే ఇవి."

"దిండు?"

"గలీబు మార్చారు. దిండు కూడా ఆవిరికి పంపారు."

"దువ్వెన?"

దువ్వెన మందునీళ్ళలో నానబెట్టి, తీసి ఆరబెట్టి ఉంది. ఒక్క వెంట్రుక లేదు.

"చేతికర్ర ఉందన్నారు కదమ్మా. దాని పిడి ఎవరూ ఉతకరుగా."

చేతికర్ర స్పిరిట్‌తో తుడిచి ఉంది. ఆ వాసన నాకే తగిలింది. అతను కర్రని ముక్కు దగ్గర పెట్టుకుని, దించి, నా మొహం వైపు చూశాడు. కోపంగా కాదు. ఏదో అర్థంకానిది చూసినట్టు చూశాడు.

"అసలు ఈ గదిలో మనిషి ఉంటున్నాడామ్మా?" అన్నాడు.

వెనక పెద్దక్క నిలబడి ఉంది. గదులు ఊడ్చే వాళ్ళందరికీ పెద్ద ఆమె. "శుభ్రంగా ఉంచడం మా పద్ధతి" అన్నాను. పెద్దక్క నావైపు చూసి, కిందికి చూసుకుంది.

కుక్కని ఊరికే అటూ ఇటూ తిప్పి తీసుకెళ్ళిపోయారు. ఉతకని గుడ్డ ఒక్కటి దొరికితే కబురు చెయ్యండి, అర్ధగంటలో వస్తానన్నాడు. ముసలివాళ్ళు తిండి లేకుండా ఎక్కువ రోజులు ఆగలేరమ్మా అని కూడా అన్నాడు.

బుధవారం, మళ్ళీ

మొదటి హోటల్లో, నేను ఊడ్చే పనిలో చేరిన దేశంలో, గెస్టుతో కబుర్లు చెప్పకపోతే వాళ్ళకి కోపం. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేను ఊడుస్తుంటే మీ ఆయన కొడతాడా, మీ అత్త మంచిదేనా అని అడిగేవాళ్ళు. రెండో దేశంలో మా నీడ కూడా వాళ్ళ కంట పడకూడదు. నడవాలో ఎదురొస్తే గోడవైపు తిరిగి నిలబడాలి. అక్కడే పని నేర్చుకున్నాను. గెస్టు తలుపు తీయగానే, ఆ గదిలో తనకంటే ముందు ఎవరూ ఊపిరి పీల్చలేదనిపించాలి. మనిషి వాసన వచ్చిందంటే గది పాడైనట్టే. ఆ పనితనం చూసే చీపురు పట్టినదాన్ని మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక్కడికొచ్చాక పెద్దక్కకి, ఆమె కింద వాళ్ళకి నేర్పింది నేనే.

ఏ దేశమైనా మా కంపెనీ గదులన్నీ ఒకటే. మంచం ఇటు, కిటికీ అటు, అదే బల్ల, అదే దీపం, గోడకి అదే పడవ బొమ్మ. అత్తయ్య పోయాక మామయ్యని నా దగ్గరకి తెచ్చుకున్నప్పుడు మతిమరుపు మొదలై ఉంది. ఈ గదులే ఆయనకి మందయ్యాయి. దేశం మారినా ఇల్లు మారిందని ఆయనకి తెలియలేదు. "కిటికీలోంచి చూడకపోతే చాలు కోడలా, అంతా మనిల్లే" అనేవాడు.

బుధవారం, ఆఖరున

నేనే చెప్పాను. నిన్న సాయంత్రం పెద్దక్కని పిలిచి మామయ్య గది శుభ్రం చెయ్యమని చెప్పాను. "రేపు చేద్దామా, ఇప్పుడు మనసు బాగాలేదు కదా" అంది. ఇప్పుడే అన్నాను. దుప్పట్లు ఒక్కటే కాదు. మొత్తం.

గురువారం

హోటల్ వాళ్ళందరూ డ్యూటీ దిగాక ఇంటికి పోకుండా వీధుల్లో తిరుగుతున్నారు. వంటవాళ్ళు, గేటు వాళ్ళు, లాండ్రీ వాళ్ళు. హోటల్ చుట్టూ, వెనక సందులో, కాలువ గట్టున "మామయ్యా! మామయ్యా!" అని అరుస్తున్నారు. వంటపెద్దకి మామయ్య కంటే వయసెక్కువ. ఆయనా మామయ్యా అనే అరుస్తున్నాడు. ఇంకో రోజైతే నవ్వి చచ్చేదాన్ని.

మధ్యాహ్నం వంతెన దగ్గరికి రమ్మన్నారు.

వంతెన కమ్మీకి నీలం వానకోటు వేలాడుతోంది. మా హోటల్ గుర్తు ఉంది. కింద కాలువ నిండుగా పారుతోంది. ఇద్దరు పడవలో కర్రలతో నీళ్ళు తడుముతున్నారు. కుక్కనతను కోటు పట్టుకుని దానికి చూపించాడు. కుక్క వాసన చూసి కూర్చుంది.

"సబ్బు వాసన తప్ప ఏమీ లేదు" అన్నాడతను.

"గెస్టులు వాడి తిరిగిచ్చిన కోటు వెంటనే ఉతికిస్తాం. తీసుకెళ్ళేవాళ్ళకి ఎప్పుడూ కొత్తదిలా ఉండాలి" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. పడవలో వాళ్ళు కూడా తలెత్తి చూశారు.

ఎంతసేపు నిలబడ్డానో. తాళాలరాయుడు వచ్చి భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. దారంతా, "కోటు విప్పి జాగ్రత్తగా తగిలించిన మనిషి నీళ్ళలోకి ఎందుకు దూకుతాడు మేడం" అంటున్నాడు. ధైర్యం చెప్తున్నాననుకున్నాడు పాపం.

కంపెనీ పెద్దాయన ఫోను చేశాడు. చాలా బాధగా ఉందన్నాడు. విషయం గెస్టుల దాకా రాకుండా చూసుకోమన్నాడు. అలాగేనండీ అన్నాను. పెట్టేశాక రిసీవరు తుడిచాను.

గురువారం, సాయంత్రం

రేవు నుంచి మా ఆయన ఫోను.

"దొరికాడా?"

"లేదండీ."

"కుక్కలొచ్చాయా?"

"వచ్చాయి. వాసన దొరకలేదు."

"దొరక్కపోవడమేంటే? మా నాన్న చొక్కా పక్కన పెడితే ఈగలే దారి చూపిస్తాయి."

నేను ఫోను తీగ చిక్కు విప్పుతున్నాను.

"ఉతికించావా?"

"ఊఁ."

"అన్నీ?"

"అన్నీ."

"రేపు వస్తున్నా" అని పెట్టేశాడు.

శుక్రవారం

వరసగా రాస్తాను. లేకపోతే నమ్మను.

మా ఆయన పొద్దున్నే వచ్చాడు. భుజాన ఓడ సంచి. లాబీలోకి రాగానే చేపల వాసన, చెమట, మాడిన నూనె. ఒక గెస్టు ముక్కు మూసుకుని పక్కకి జరిగింది. నాకు అలవాటుగా ఒళ్ళు మండింది. "ఆ సంచి బయట పెట్టండి, ఎన్నిసార్లు చెప్పాలి" అన్నాను. మూడు రోజులుగా తండ్రి కనపడని మనిషితో నేను మొదట అన్న మాట అది.

"పెట్టను" అన్నాడు. "నువ్వు దీన్ని కూడా ఉతుకుతావు."

పక్కనున్న పెద్దక్కకి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. "మంచినీళ్ళిస్తాను, ముందు కూర్చోండి" అని ఇద్దరికీ కుర్చీలు వేసింది.

ఆయన కూర్చున్నాడు. కాసేపటికి ఉన్నట్టుండి లేచాడు. సంచి తలకిందులు చేసి లాబీ మధ్యలో కుమ్మరించాడు. మసి గుడ్డలు, కంపు కొట్టే మేజోళ్ళు, కత్తులు చుట్టిన పాత పేపరు. వాటి అడుగున ఎర్రగళ్ళ తలగుడ్డ, ఉండచుట్టి ఉంది.

"పోయినసారి వచ్చి వెళ్ళేటప్పుడు రేవులో గాలి కొడుతోందని నాన్న తన తలమీదిది తీసి నా చెవులకి కట్టాడు. అప్పట్నుంచీ ఇందులోనే పడి ఉంది" అన్నాడు. "బద్ధకించి ఉతకలేదు."

విప్పి ముక్కుకి పెట్టుకున్నాడు. నాకూ ఇచ్చాడు. మామయ్య తలనూనె, పొగాకు, చెమట.

కుక్కనతను వచ్చాడు. "ఇన్నాళ్ళదా" అని నసిగాడు. అయినా చూపించాడు. కుక్క తలగుడ్డలో మూతి పూర్తిగా పెట్టి, ఒకసారి చుట్టూ తిరిగింది. వాకిలి వైపు పోలేదు. మెట్ల వైపు లాగింది.

"ఆయనుండేది పైనేగా, వాసన అక్కడే ఉంటుంది. దీనికేం తెలుసు" అన్నాడు తాళాలరాయుడు.

నాలుగో అంతస్తులో మామయ్య గది ముందు ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. ఐదు దాటింది. ఆరో అంతస్తు తలుపు దగ్గర నిలబడి గోకింది.

"దీనికి నేనే తాళం వేశాను" అన్నాడు తాళాలరాయుడు. "మంగళవారం రంగులవాళ్ళు సామాన్లు దించుకుని వెళ్ళాక నేనే వేశాను."

"వేసేముందు లోపల చూశావా?" అని మా ఆయన అడిగాడు.

తాళాలరాయుడు తాళాలగుత్తి అటూ ఇటూ తిప్పాడు. ఏది ఏ తాళమో ఆయనకి తెలియలేదు. మా ఆయనే లాక్కుని ఒక్కొక్కటీ పెట్టి చూశాడు.

నడవా నిండా సున్నం దుమ్ము. చెప్పుల అచ్చులు, చివరిదాకా, ఒకే వరుస. చివరి గది తలుపు ముందు మామయ్య చెప్పులు పక్కపక్కన విడిచి ఉన్నాయి. మామయ్య గది కూడా నాలుగో అంతస్తులో సరిగ్గా ఆ చివరే.

ప్లాస్టిక్ తొడుగు తీయని పరుపు మీద, రంగులవాళ్ళ గోనె కప్పుకుని పడుకున్నాడు. పెదాలు తెల్లగా పగిలాయి. మంచం ఇటు, కిటికీ అటు. గోడకి పడవ బొమ్మ. పక్కన గ్లాసులో కుళాయి నీళ్ళు.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"డ్యూటీ అయిందా కోడలా?" అన్నాడు. "ఇవాళ చాలా పొద్దుపోయిందే."

మా ఆయన నేల మీద కూలబడి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. మామయ్య కొడుకు తల నిమురుతూ, "ఎప్పుడొచ్చావురా" అని అడిగాడు.

నేను అడిగాను, సామాన్లు లేవు కదా మామయ్యా, మన గది కాదని అనుమానం రాలేదా అని.

"అన్నీ ఉతకడానికి ఇచ్చావనుకున్నా" అన్నాడు.

"కిందనుంచి అందరం అరిచి చచ్చాం. వినపడలేదా?"

"ఎందుకు వినపడదు? వినపడింది. మామయ్యా, మామయ్యా అని ఒకటే గోల."

"మరి పలకలేదేం మామయ్యా?"

ఆయన నన్నే ఓదార్చాలన్నట్టు చూశాడు.

"డ్యూటీ టైములో కేకలెయ్యొద్దని నువ్వేగా చెప్పావు. గెస్టులుంటారని."

శనివారం

ఆసుపత్రి. సెలైను ఎక్కుతోంది. గండం గడిచిందన్నారు.

వంతెన మీది కోటు రెండో అంతస్తు గెస్టుదట. వాన తగ్గిందని అక్కడ తగిలించి మరిచిపోయాడు. కెమెరాలో ముసలాయన కూడా అతనే. అందరికీ ఒకటే కోటు.

కేకలెయ్యొద్దని నేను చెప్పిన మాట నిజమే. రెండో దేశంలో. వచ్చిన కొత్తలో ఆయన లాబీ మెట్ల మీద నిలబడి, చేలోంచి పిలిచినట్టు "కోడలా! ఓ కోడలా!" అని కేకేశాడు. గెస్టు ఒకామె ఉలిక్కిపడి చేతిలో కప్పు జారవిడిచింది. నాకు మెమో ఇచ్చారు. ఆ రోజు గదిలో తలుపు వేసి చెప్పాను. ఎన్ని మాటలన్నానో గుర్తులేదు. ఆయన ఎదురు చెప్పలేదు. అన్నీ మరిచిపోయే మనిషి. అత్తయ్య పోయిన సంగతే మరిచిపోయి రోజూ అడుగుతాడు. అది మాత్రం మరిచిపోలేదు.

మంగళవారం

ఇంటికి తెచ్చాం.

ఆదివారం

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మా ఆయన ఓడెక్కాడు. వెళ్ళేముందు సంచి సర్దుకుంటూ, తలగుడ్డ ఇక్కడ ఉంచనా అన్నాడు. వద్దు, మీ దగ్గరే ఉంచండి, నా చేతులు ఊరుకోవు అన్నాను. నవ్వాడు. వచ్చాక నవ్వడం అదే మొదలు.

మామయ్యని కిందికి మార్చాను. రిసెప్షన్ వెనకే చిన్న గది. గోడ మీది పడవ బొమ్మ తీసేయించి అత్తయ్య ఫోటో పెట్టాను. తలుపు బయటివైపు పెద్దక్క పచ్చరంగు వేయించింది, ఈ హోటల్లో ఇంకే తలుపుకీ లేని రంగు. "ఏమిటిది, చిలకలాగా" అన్నాడు. కానీ గుర్తుపడుతున్నాడు.

వచ్చిన రోజే దగ్గర కూర్చుని చెప్పాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలవండి. గెస్టులున్నా సరే, ఎవరున్నా సరే.

"ఎంత గట్టిగా?" అన్నాడు.

"చేలోంచి పిలిచినంత."

"వాళ్ళు ఏమీ అనుకోరా?"

"అనుకోనీండి."

సరేనన్నాడు. పిలవలేదు. రోజూ అడుగుతున్నాను, దాహమేస్తే ఏం చేశారు, కాలు నొప్పెడితే ఏం చేశారు అని. నువ్వు వచ్చేదాకా ఉన్నాను అంటాడు.

ఇవాళ కంపెనీ పెద్దాయన వచ్చాడు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని. లాబీ నిండా గెస్టులు. నేను ఆయనకి ఆరో అంతస్తు సంగతి చెప్తున్నాను, నేలకి కొత్త పలకలు ఎప్పుడొస్తాయి, గదులు ఎప్పుడు సిద్ధమవుతాయి అని. పచ్చ తలుపు తెరుచుకుంది.

"కోడలా! ఓ కోడలా!"

నిండు గొంతు. గాజు అద్దాలు అదిరినట్టయింది. అందరూ తలలు తిప్పారు. రిసెప్షన్‌లో అమ్మాయి మొహం వెలిగిపోయింది. గేటు దగ్గర తాళాలరాయుడు రెండు చేతులూ పైకెత్తాడు, పోయిన పశువు ఇంటికొచ్చినప్పుడు మనవాళ్ళు ఎత్తినట్టు.

నాకూ గుండె నిండింది. నిజంగానే నిండింది. పరుగెత్తి పోదామనే అనుకున్నాను.

చూసుకుంటే నా వేలు నా పెదాల మీద ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు.

మామయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. అర్థమైందన్నట్టు తలూపాడు. నాకు ఇబ్బంది కలిగించినందుకు నొచ్చుకున్నట్టు రెండు చేతులూ కొంచెం ఎత్తి, వెనక్కి జరిగి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.